కూలి లేని కూలిపని

(షాలిమార్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక అధికారి శ్రీమతి చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ షుగరు గురించో, పిల్లల ఎంట్రన్సుల గురించో మాట్లాడిస్తారు. ఈసారి కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీరు రెండు చలికాలాలు మదర్ థెరిసా ఆశ్రమాలకి వెళ్లొచ్చారు కదా, అక్కడికొచ్చే విదేశీయులు రోజంతా ఏం చేస్తారో చెప్పండి" అన్నారు. ఒక్క మాటలో చెప్పి కూర్చోవచ్చు. బట్టలుతుకుతారు. గిన్నెలు తోముతారు. నేల కడుగుతారు. కానీ అరగంట ఇచ్చారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మనం వింటూంటాం, ఫలానావాళ్లు మిషన్ ట్రిప్పు మీద విదేశం వెళ్లారని. చర్చి తరఫునో, సొంతంగానో, రెండు వారాలో రెండు నెలలో వేరే దేశం వెళ్లి అక్కడ గోడ కడతారు, సున్నం వేస్తారు, బావి తవ్వుతారు. ఆ విదేశం అనేది చాలామందికి మన కలకత్తాయే. వాళ్లు విమానాశ్రయంలో దిగుతారు, మనం ఈ షాలిమార్ స్టేషన్‌లో దిగుతాం. కోరమాండల్, ఈస్ట్ కోస్ట్ ఇప్పుడు హౌరా బదులు ఇక్కడి నుంచే కదా. స్టేషన్ బయటికొస్తే పక్కనే బొటానికల్ గార్డెన్, దానికి జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. విద్యాసాగర్ సేతు దాటి అవతలికి వెళ్తే వచ్చే రోడ్డుకీ ఆయన పేరే. ఆ రోడ్డులో 54ఏ నంబరు బూడిదరంగు భవనం మదర్ హౌస్. అంటే మన బదిలీల వాళ్లు ట్రంకు పెట్టెలతో దిగే చోటుకీ, స్పెయిన్ నుంచో జపాన్ నుంచో వచ్చినవాళ్లు పొద్దున్నే బారులు తీరే చోటుకీ మధ్య నది ఒక్కటే అడ్డం.

మదర్ థెరిసాయే అసలు పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి. స్కోపియేలో పుట్టి, 1929 జనవరిలో కలకత్తా చేరి, ఎంటాలీలోని బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. 1948లో బడి వదిలి బయటికొచ్చినప్పుడు ఆవిడ తిన్నగా బస్తీలోకి వెళ్లలేదు. ముందు పాట్నా వెళ్లి, మెడికల్ మిషన్ సిస్టర్ల దగ్గర నర్సు పని నేర్చుకున్నారు. అక్కడ జరిగిన ఒక సంగతి నాకు బాగా నచ్చుతుంది. తానూ, తనతో చేరబోయేవాళ్లూ పేదల్లాగే అన్నం, ఉప్పు మాత్రమే తిని బతుకుతామని ఆవిడ అనుకున్నారట. పాట్నా సిస్టర్లు ఒప్పుకోలేదు. ఒళ్లు వంచి పని చేయాల్సినవాళ్లు కడుపు నిండా తినాలి, లేకపోతే మీరే రోగులై మంచమెక్కుతారని గట్టిగా చెప్పారు. ఆవిడ విన్నారు. మిషనరీస్ ఆఫ్ ఛారిటీకి 1950 అక్టోబరు 7న అనుమతి వచ్చింది. 1952 ఆగస్టులో కాళీఘాట్‌లో, కాళికాలయాన్ని ఆనుకుని ఉన్న పాత యాత్రికుల సత్రంలో నిర్మల్ హృదయ్ మొదలైంది. వీధిలో పడిపోయి, ఏ ఆసుపత్రీ చేర్చుకోనివాళ్ల కోసం పెట్టిన చోటు అది.

వచ్చేవాళ్ల సంగతికొస్తాను. వీళ్లకి జీతం లేదు. విమానం టికెట్టు, వీసా, గది అద్దె, తిండి, అన్నీ వాళ్ల ఖర్చే. చాలామంది సడర్ స్ట్రీట్ చుట్టుపక్కల చవక గదుల్లో ఉంటారు. శిశు భవన్‌లో పేరు రాయించుకుంటే, ఏ గృహంలో పని చేయాలో సిస్టరు ఒక చీటీ రాసిస్తుంది. ఏ మతం అని అడగరు. నేను క్రైస్తవురాలిని కాను, బొట్టు పెట్టుకునే వెళ్లాను, ఎవరూ ఏమీ అనలేదు. మా అత్తగారు మాత్రం అన్నారు. "పనమ్మాయి రాకపోతే నాలుగు గిన్నెలు చూసి నిట్టూరుస్తావు, ఊరవతలికి వెళ్లి ఉచితంగా తోముతావా?" అని. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

ఆగస్టులో స్పెయిన్, ఇటలీ వాళ్లు ఎక్కువ, వాళ్ల వేసవి సెలవులు అప్పుడే. చలికాలం చివర్లో జపాన్, కొరియా విద్యార్థులు వస్తారు. రిటైరైనవాళ్లు, నర్సులు, ఉద్యోగం మానేసి ఏం చేయాలో తోచనివాళ్లు, పెళ్లి చెడిపోయినవాళ్లు, చర్చి పంపినవాళ్లు, చర్చి అంటే గిట్టనివాళ్లు, అందరూ కనిపిస్తారు. కాలిఫోర్నియా గవర్నరుగా చేసిన జెర్రీ బ్రౌన్ పదవి దిగిపోయాక 1980ల చివర్లో కొన్ని వారాలు కాళీఘాట్‌లో పని చేసి వెళ్లారు. ఆ తర్వాత మళ్లీ గవర్నరయ్యారు కూడా. ఇక్కడ మాజీ గవర్నరు చేతికైనా, కాలేజీ పిల్ల చేతికైనా ఒకే చీపురు.

ఇక దినచర్య. సిస్టర్లు తెల్లవారుజామున 4.40కి లేస్తారు. ఒక్కొక్కరికి మూడు చీరలు, ఒక బకెట్టు. ఎవరి బట్టలు వాళ్లే ఆ బకెట్టులో ఉతుక్కోవాలి. నీలం అంచు తెల్ల చీరలు టిటాగఢ్‌లో కుష్ఠు రోగుల మగ్గాల మీద తయారవుతాయి. ఆరు గంటలకి మదర్ హౌస్‌లో ప్రార్థన. విదేశీయుల్లో ఇష్టమున్నవాళ్లు దానికి వస్తారు. కింద రోడ్డు మీద బస్సు హారన్లు, పైన ప్రార్థన. కిటికీలు తెరిచే ఉంటాయి. ఏడు గంటలకి వాలంటీర్లందరికీ టిఫిను, అంటే టీ, బ్రెడ్డు, అరటిపండు. పాట్నాలో చెప్పిన మాట ఇక్కడ పనిచేస్తోందని నేను అనుకునేదాన్ని. ఖాళీ కడుపుతో ఎవరినీ పనికి పంపరు. ఆ రోజే ఆఖరు రోజైనవాళ్లని మధ్యలో నిలబెట్టి మిగతావాళ్లు పాట పాడి సాగనంపుతారు. పాడేవాళ్లలో సగం మందికి వాళ్ల పేరు కూడా తెలియదు. అయినా వెళ్లేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు.

తర్వాత గుంపులు గుంపులుగా బయల్దేరతారు. కాళీఘాట్ వాళ్లు బస్సెక్కుతారు. హౌరాలో బ్రదర్స్ నడిపే నబో జీబన్‌కి కొందరు మగవాళ్లు వెళ్తారు. ప్రేమ్ దాన్ వాళ్లం నడిచేవాళ్లం. కలకత్తా పొద్దున్న ఎలా ఉంటుందో మీకు తెలుసు. చేతిపంపు కింద లుంగీలతో స్నానాలు, బొగ్గు పొయ్యి పొగ, మార్కెట్‌కి తలకిందులుగా సైకిలుకి వేలాడుతూ వెళ్లే కోళ్లు. మనకి కొత్తేమీ కాదు. నా పక్కన నడిచే ఐరిష్ పెద్దమనిషికి ప్రతిదీ వింతే. మొదటి వారం ఫోటోలు తీస్తాడు. రెండో వారం ఫోను జేబులో ఉంటుంది. మూడో వారం టీ కొట్టువాడు ఈయన్ని చూసి కప్పు కడగడం మొదలుపెడతాడు.

ఎనిమిది నుంచి పన్నెండు దాకా పని. ఏప్రన్ కట్టుకోవాలి. మొదట పక్కబట్టలు. రాత్రంతా పడుకున్న దుప్పట్లు, చాపలు, పైజమాలు, నైటీలు, గుడ్డలు, కుప్పలుగా వచ్చి పడతాయి. మంచాన పడినవాళ్ల బట్టలు ఎలా ఉంటాయో, ఇంట్లో పెద్దవాళ్లకి చేసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ముందు పారే నీళ్లలో మురికి కడిగేయాలి. తర్వాత మందు కలిపిన నీళ్ల తొట్టి, ఆ తర్వాత సబ్బునీళ్ల తొట్టి. అందులో దిగి తొక్కేవాళ్లు కొందరు. ఆ తర్వాత జాడించే తొట్లు ఒకటి, రెండు. ఒక్కో తొట్టి దగ్గర ఒకరిద్దరు. తొట్టి నుంచి తొట్టికి బట్ట దాటుతుంటుంది. చివర ఇద్దరు నిలబడి, దుప్పటి రెండు కొసలు పట్టుకుని, ఎదురెదురుగా మెలితిప్పి పిండాలి.

ఈ పిండడం దగ్గరే మనిషి అసలు రంగు బయటపడుతుంది. కొత్తవాళ్లు ఇద్దరూ ఒకే వైపుకి తిప్పుతారు. అది పిండినట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం పోవు. జర్మనీ నుంచి వచ్చిన ఇంజినీరు కుర్రాడు ఒకడు దీని మీద చాలాసేపు ఆలోచించాడు. మా చాకిరేవుల్లో ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు బాబూ అన్నాను. పిండిన బట్టలు బకెట్లలో మేడ మీదికి మోయాలి. తడి దుప్పటి బరువు మోసినవాళ్లకే తెలుసు. పైన దండేల మీద ఆరేసి, గాలికి ఎగరకుండా క్లిప్పులు పెట్టి, కిందికొచ్చేసరికి ఇంకో కుప్ప. తొమ్మిదింటికి నడుము, తొమ్మిదిన్నరకి భుజాలు, పదింటికి వేళ్లు. నెత్తురు రాకపోయినా సబ్బుకి చర్మం ముడతలు పడి, గోళ్ల చుట్టూ మంట పుడుతుంది. ఉంగరాలు ఎవరూ పెట్టుకోరు.

పదిన్నర ప్రాంతాల టీ, బిస్కెట్లు. ఒక పావుగంట. అదొక్కటే కబుర్లు చెప్పుకునే సమయం. తర్వాత గోళ్లు తీయడం, తలకి నూనె రాయడం, నడవలేనివాళ్లని గోడ పట్టించి నడిపించడం. భోజనం వేళకి కంచాలు అందించడం, తినలేనివాళ్లకి తినిపించడం, ఆ తర్వాత ఆ కంచాలన్నీ తోమడం. పన్నెండింటికి చేతులు కడుక్కుని బయటపడతాం. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఇంకో విడత. రెండూ చేసేవాళ్లు తక్కువ. గురువారం సెలవు.

ఇక్కడ ఒక సంగతి ఎవరి ఫోటోల్లోనూ కనిపించదు. ఈ తొట్ల దగ్గర విదేశీయులు మాత్రమే ఉండరు. మాసీలు ఉంటారు. బెంగాలీలో మాసీ అంటే పిన్ని. జీతానికి పనిచేసే ఆడవాళ్లు. వాళ్లు మనకంటే ముందొస్తారు, మన తర్వాత వెళ్తారు. ఏ బట్ట ఏ తొట్టిలో వేయాలో, ఏ పేషెంటుకి ఏ గిన్నెలో పెడితే తింటుందో వాళ్లకే తెలుసు. వాలంటీరు రెండు వారాల్లో పని నేర్చుకుని ఇక ఉపయోగపడతాడు అనుకునేసరికి పాట పాడించుకుని వెళ్లిపోతాడు. మళ్లీ ఇంకొకరు వస్తారు, మాసీ మళ్లీ మొదటి నుంచి నేర్పుతుంది, అదీ సైగలతో. బ్యాంకుకి ప్రతి పదిహేను రోజులకి ఒక కొత్త ప్రొబేషనరు వస్తే, కౌంటరులో ఉన్న సీనియరు గుమాస్తా పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. నవ్వుతున్నారు, అనుభవం ఉన్నట్టుంది.

2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. వచ్చేవాళ్లు రావడం మానేశారు. రోగులు మాత్రం ఉన్నారు, దుప్పట్లు తడుస్తూనే ఉన్నాయి. ఉతుకు ఆగలేదు. సిస్టర్లూ, మాసీలూ ఉతికారు. అప్పుడు నాకు ఒక లెక్క అడగాలనిపించింది. ఇన్నేళ్లుగా ఇంతమంది సముద్రాలు దాటి వచ్చి చేసిన పని, అసలు పనేనా?

మన వాళ్లకి లెక్క చెబితేనే నచ్చుతుంది కాబట్టి ఒక లెక్క చెబుతాను. ఇది ఇక్కడిది కాదు, మధ్య అమెరికాలోని హోండురాస్‌ది. 1998లో మిచ్ అనే తుఫాను ఆ దేశాన్ని ఊడ్చేసింది. మన దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్లకి ఆ దృశ్యం తెలుసు. అమెరికా చర్చిల నుంచి గుంపులు గుంపులుగా జనం వచ్చి ఇళ్లు కట్టిపెట్టారు. కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడే ఉంటూ దీన్ని పరిశీలించి 2006లో ప్రచురించాడు. అక్కడి మేస్త్రీలతో కట్టిస్తే ఒక ఇంటికి సుమారు 2,000 డాలర్లు. విదేశీ గుంపు వచ్చి కడితే, వాళ్ల ప్రయాణాలు అవీ కలిపి, ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లు. ఇంట్లో ఉంటున్నవాళ్లని అడిగితే, ఎవరు కట్టారన్న దాని వల్ల వాళ్ల బతుకులో పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. ఆ డబ్బు పంపిస్తే ఇంకా చాలా ఇళ్లు లేచేవి, ఊళ్లో మేస్త్రీలకి పని దొరికేది అన్నవాళ్లు ఉన్నారు. తిరిగి వెళ్లినవాళ్లు జీవితాంతం దాతలుగా మారిపోయారా అంటే, ఆ విషయంలోనూ చెప్పుకోదగ్గ మార్పు తేలలేదు.

ఈ లెక్క చూశాక, మన లోను ఆఫీసరు ఎవరైనా ఆ ప్రతిపాదన మీద సంతకం పెడతాడా?

మదర్ థెరిసా గృహాల మీదా విమర్శలు వచ్చాయి. అవి దాచి మాట్లాడితే ఉపన్యాసం భజన అవుతుంది. వైద్య పత్రిక లాన్సెట్ సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కాళీఘాట్ చూసి 1994లో రాశాడు. శుభ్రత, పుళ్లు కడిగే ఓపిక, ప్రేమగా చూడడం, వీటిని మెచ్చుకున్నాడు. కానీ రోగం ఏమిటో సరిగా తేల్చే పద్ధతి లేదనీ, నొప్పి తగ్గించే గట్టి మందులు లేవనీ తప్పుపట్టాడు. మరుసటి ఏడు క్రిస్టఫర్ హిచెన్స్ పుస్తకమే రాశాడు, చాలా కటువుగా. అభిమానులకి కోపం వచ్చింది. నాకు మాత్రం ఫాక్స్ అన్న మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. ప్రేమ ఉంది, మందు లేదు అంటే, ప్రేమని తీసేయమని కాదు, మందు పెట్టమని. ఇష్టపూర్వకంగా వచ్చిన చేతులు ఎన్ని ఉన్నా, ఒక డాక్టరు చేసే పని అవి చేయలేవు.

మరి ఎందుకు వెళ్లాను, ఎందుకు పొగుడుతున్నాను? నాకు తోచింది చెబుతాను. పని రెండు రకాలు. ఇటుకల పని ఒకటి. ఎవరు పేర్చినా గోడ గోడే. అలాంటి పనికి సముద్రం దాటి మనుషుల్ని తేనక్కర్లేదు, డబ్బు పంపితే చాలు. రెండోది, ఒక మనిషి ఇంకో మనిషిని తాకాల్సిన పని. నోట్లో ముద్ద పెట్టడం, తల దువ్వడం, చేయి పట్టుకుని కూర్చోవడం. ఇందులో ఎన్ని చేతులుంటే అంత మంచిది. నలభై మంచాల మధ్య ఒక మాసీ ఉంటే ఎవరి పక్కనా పావుగంట కూర్చోలేదు. వాలంటీర్లు బట్టల తొట్టి దగ్గర ఉన్న రెండు గంటలూ ఆ మాసీకి మంచం దగ్గర దొరుకుతాయి. మా ఉతుకు విలువ ఉతుకులో లేదు, అది విడిపించిన ఆవిడ సమయంలో ఉంది. ఈ మాట అక్కడ పెద్ద సిస్టర్లకి తెలిసే ఉంటుంది. మొదటి వారం వాళ్లకి, నేరుగా రోగుల దగ్గరికి వెళ్లి సేవ చేయాలని తహతహలాడేవాళ్లకి తెలియదు. ఇంత దూరం వచ్చింది దుప్పట్లు పిండడానికా అని ముఖం ముడుచుకుంటారు. కొందరు మూడో రోజే డార్జిలింగ్ వెళ్లిపోతారు.

ఈ నది ఒడ్డునే, చాలాముందు, ఇంకో రకం మిషన్ ప్రయాణం జరిగింది. రెండు వారాలది కాదు, తిరుగు టికెట్టు లేనిది. మన పక్కనున్న బొటానికల్ గార్డెన్‌కి 1793లో రాక్స్‌బర్గ్ అధిపతిగా వచ్చాడు. అంతకుముందు ఆయన ఉన్నది మన సామర్లకోటలో, అక్కడే మొక్కలు పెంచుతూ. అదే ఏడాది నవంబరులో విలియం కేరీ కలకత్తా దిగాడు. ఇంగ్లండ్‌లో చెప్పులు కుట్టిన చేతులవి. బతకడానికి నీలిమందు ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1800లో నది ఎగువన శ్రీరాంపూర్ చేరాక, అచ్చు పని తెలిసిన విలియం వార్డ్, నేతపనివాడి కొడుకు జాషువా మార్ష్‌మన్ తోడయ్యారు. ఒకే వంటిల్లు, అందరి సంపాదనా ఒకే పెట్టెలోకి. కేరీ, రాక్స్‌బర్గ్ మొక్కల వల్ల మంచి స్నేహితులయ్యారు. రాక్స్‌బర్గ్ రాసిన మొక్కల పట్టికని 1814లో అచ్చు వేయించింది కేరీయే.

కేరీ 1806 జూన్‌లో రాసిన ఒక ఉత్తరంలో తన ఒక్క రోజు లెక్క చెప్పాడు. పొద్దున ఆరు కాకముందే లేవడం, హీబ్రూ, ప్రార్థన, పార్సీ, కాలేజీలో పాఠాలు, బెంగాలీ ప్రూఫులు, సంస్కృతం. సాయంత్రం ఆరు దాటాక కూర్చున్నది ఒక తెలుగు పండితుడి దగ్గర, మన భాష నేర్చుకోవడానికి. ఉత్తరంలో ఆ పండితుడి పేరు లేదు. తెలింగ పండితుడు, అంతే. 1812 మార్చి 11 రాత్రి అచ్చు కార్యాలయం తగలబడింది. కాలిపోయిన వాటిలో కేరీ తెలుగు వ్యాకరణమూ ఉంది. సీసం అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి. అక్షరాలు పోతపోసే అచ్చులు మాత్రం బూడిద కింద దొరికాయి. అవి తవ్వి తీసి, కరిగిన లోహాన్నే మళ్లీ అక్షరాలుగా పోశారు. వ్యాకరణం మళ్లీ రాసి 1814లో వేశారు. 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడే అచ్చయింది.

ఇది వీరగాథలా చెప్పుకుంటారు. కానీ ఆ కార్యాలయంలో ఉక్కు ముక్క మీద అక్షరం చెక్కింది కేరీ కాదు, పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ పనివాడు, ఆయన తర్వాత ఆయన అల్లుడు మనోహర్. ఆ రెండు పేర్లైనా మిగిలాయి. కాగితం తయారు చేసే మిల్లుని తిప్పడానికి నలభై మంది కూలీలు తొక్కుడు చక్రం ఎక్కి తొక్కేవారు. ప్రమాదంలో వాళ్లలో ఒకరు చనిపోయాక, ఇంగ్లండ్ నుంచి 12 హార్స్‌పవర్ ఆవిరి యంత్రం తెప్పించారు. 1820లో అది వచ్చినప్పుడు చూడ్డానికి జనం తిరనాళ్లలా వచ్చారట. చనిపోయినతని పేరు ఎవరూ రాసుకోలేదు. తొక్కుడు చక్రం దగ్గరా, ప్రేమ్ దాన్ తొట్టి దగ్గరా నాకు కనిపించేది ఒకటే. దూరం నుంచి వచ్చి కష్టపడ్డవాళ్ల కథ ఉంటుంది. ఊళ్లోనే ఉండి కష్టపడ్డవాళ్లకి జీతం ఉంటుంది, కథ ఉండదు. కొన్నిసార్లు జీతమూ అంతంతమాత్రమే.

ఈ హుగ్లీ ఒడ్డున కూలిపనికి పరాయి ఊరు వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. టిటాగఢ్ వైపు జూటు మిల్లు లైన్లలో తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలు ఇప్పటికీ ఉన్నారు. కొందరు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. సిస్టర్ల చీరలు నేసే మగ్గాలకీ, ఈ మిల్లులకీ ఒకటే ఊరు.

ఇంకా దగ్గరగా చూద్దాం. గోదావరి జిల్లాల్లో, కడప వైపు బ్రాంచీల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కువైట్ వెళ్లడానికి మెడలో గొలుసు తీసి కౌంటరు మీద పెట్టిన ఆడవాళ్లని మీరు చూసే ఉంటారు. ఏజెంటుకి కట్టాలి, టికెట్టు కొనాలి. వెళ్లేది ఎందుకు? వేరే వాళ్లింట్లో బట్టలుతకడానికి, గిన్నెలు తోమడానికి, ముసలివాళ్లకి చేయడానికి. నా పక్క తొట్టి దగ్గర నిలబడిన స్పెయిన్ నర్సు కూడా రెండేళ్లు దాచుకున్న డబ్బుతో టికెట్టు కొనుక్కుని వచ్చింది. అదే పని. అదే సబ్బు. ఈమెకి గురువారం సెలవు. ఆమె సెలవు ఇంటి యజమాని చేతిలో ఉంటుంది. ఈమె నచ్చకపోతే డార్జిలింగ్ వెళ్లిపోవచ్చు. ఆమె పాస్‌పోర్టు చాలాసార్లు ఆమె దగ్గరే ఉండదు. ఈమె వెళ్లే రోజు పాట పాడతారు. ఆమె తిరిగొచ్చిన రోజు గొలుసు విడిపించుకోవడానికి మన కౌంటరు దగ్గర లైన్లో నిలబడుతుంది.

ఈ మాట ఆ నర్సుకే ఒకరోజు టీ వేళ చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మా ఊళ్లో మా అమ్మని చూసుకునేది ఈక్వెడార్ నుంచి వచ్చిన ఒకామె అంది. ఆమెకి జీతం ఇచ్చి, ఆ జీతం మిగల్చడానికి నేను ఉద్యోగం చేసి, సెలవు పెట్టి ఇక్కడికొచ్చి వేరే వాళ్ల అమ్మకి చేస్తున్నాను అంది. ఇద్దరం నవ్వాం. టీ అయిపోయింది, లేచి తొట్టి దగ్గరికి వెళ్లాం.

మనలో కొందరి పిల్లలు సెలవుల్లో వెళ్తామంటున్నారు అని కార్యదర్శిగారు చెప్పారు. వాళ్లకి నాలుగు మాటలు. పేరు నమోదు ఏ రోజుల్లో, ఏ వేళలో అన్నది ముందే మదర్ హౌస్‌లో కనుక్కోండి. వారం కంటే తక్కువైతే వెళ్లకండి, నేర్పే మాసీకి శ్రమ. చెప్పులు తడిసినా జారనివి వేసుకోండి. చున్నీలు, వేలాడే గొలుసులు వద్దు. గోళ్లు కత్తిరించుకోండి. చేతులకి రాసుకోవడానికి కొబ్బరినూనె సీసా ఒకటి సంచిలో ఉంచుకోండి. లోపల ఫోటోలు తీయొద్దు, మంచం మీద ఉన్నవాళ్లు మీ స్టేటస్ కోసం లేరు. జలుబు, జ్వరం ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉండండి. నాలుగు బెంగాలీ ముక్కలు నేర్చుకోండి, నీళ్లు, అన్నం, నొప్పి ఎక్కడ, ఇవి చాలు. మాసీల పేర్లు మొదటి రోజే అడిగి తెలుసుకోండి. దుప్పటి పిండేటప్పుడు ఎదుటివాళ్లు కుడికి తిప్పితే, మీ వైపు నుంచి చూసుకుని మీరూ మీ కుడికే తిప్పండి, అప్పుడే మెలి పడుతుంది. నమ్మకపోతే ఇంటికెళ్లి మీ అమ్మతో ఒక తువ్వాలు పట్టుకుని చూడండి.

ప్రశ్నలుంటే అడగండి. అదిగో, మూడో వరసలో చేయెత్తారు.